రేపటి సైన్సుకు చేతులు ఎవరివి?



మొన్న యవ్వనస్థుల కూడికలో డిగ్రీ చదువుతున్న ఒక తమ్ముడు లేచి, "అయ్యగారూ, అమెరికాలో చనిపోయినవాళ్ళను గడ్డకట్టించి దాచిపెడుతున్నారట. ఎప్పటికో సైన్సు వాళ్ళను లేపుతుందట. ఇది పునరుత్థానానికి పోటీ కాదా?" అని అడిగాడు. కొందరు నవ్వారు. ఒక పెద్దాయన అది అపవాది పని అని అక్కడికక్కడే తీర్పు చెప్పేశారు. ఆ తరువాత వారంలో అదే ప్రశ్న ఇంకో నలుగురు ఫోనులో పంపారు. వారిలో ఇద్దరు అమెరికాలోనే ఉద్యోగాలు చేస్తున్నవారు. అందుకే ఈసారి దీని గురించి వ్రాస్తున్నాము.

పోటీయా కాదా అన్నదానికి మా జవాబు చిన్నది. కాదు. మనిషి చేతి పని ఏదీ దేవుడు చేసేదానికి పోటీ కాలేదు. ఆ పని చేసేవారు కూడా తాము మృతులను లేపుతున్నామని అనడం లేదు. ఇవాళ్టి వైద్యుడు చేతులెత్తేసిన మనిషి నిజంగా పూర్తిగా పోయాడో లేదో మనకు తెలియదు, తెలిసేవరకు పాడవకుండా ఉంచుదాం అన్నదే వారి వాదన. అందుకే దాచిన దేహాలను వారు శవాలు అనరు, రోగులు అంటారు. ఆ పేరు తగునా తగదా అన్నది వేరే సంగతి.

మమ్మల్ని పట్టుకున్నది ఆ తమ్ముడి ప్రశ్నలోని ఇంకో మాట. "సైన్సు లేపుతుందట." ఏ సైన్సు? దాని ఇల్లెక్కడ? దానికి చేతులు ఎవరివి?

తెలియని వారి కోసం ముందు సంగతి చెప్పుకుందాము. దీని పేరు క్రయోనిక్స్. గుండె ఆగి, చట్టప్రకారం మరణం నిర్ధారణ అయిన వెంటనే దేహాన్ని మంచులో చల్లబరుస్తారు. రక్తాన్ని తీసేసి, లోపల మంచు గడ్డలు కట్టకుండా ఆపే ద్రవాన్ని ఎక్కిస్తారు. తరువాత మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో, పెద్ద థర్మాస్ ఫ్లాస్కులాంటి స్టీలు పాత్రలో ఉంచుతారు. (కరెంటు పోతే ఎలాగని ఒక అమ్మ అడిగింది. కరెంటుతో పని లేదు. నత్రజని ఆవిరై తగ్గినప్పుడల్లా పోస్తూ ఉండాలి, అంతే.) అరిజోనాలో ఆల్కర్ అనే సంస్థ, మిషిగన్‌లో క్రయోనిక్స్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ ఈ పనిలో పాతవి. ఆల్కర్‌లో పూర్తి దేహానికి రెండు లక్షల డాలర్ల పైమాటే, మన లెక్కలో కోటిన్నర దాటుతుంది. చాలామంది జీవిత బీమా పాలసీ ద్వారా కడతారు. ఇలా దాచిన మనిషిని ఒక్కరినైనా తిరిగి లేపినది లేదు. మనిషి దాకా ఎందుకు, ఒక కుక్కనో ఒక ఎలుకనో మొత్తంగా ఆ చలిలో ఉంచి ప్రాణంతో తిరిగి తెచ్చినదీ లేదు. ఈ మాట ముందే చెప్పకపోతే మేము వ్రాసేదంతా అబద్ధమవుతుంది.

ఈ ఆలోచనకు తండ్రి అనదగినవాడు రాబర్ట్ ఎట్టింగర్. 1918లో పుట్టాడు. చిన్నతనంలో ఒక పత్రికలో నీల్ జోన్స్ అనే రచయిత 1931లో వ్రాసిన కథ చదివాడు. అంతరిక్షపు చలిలో చెడకుండా ఉన్న ఒక ప్రొఫెసర్ దేహాన్ని కోట్ల ఏళ్ళ తరువాత వేరే లోకపువారు లేపుతారు, అదీ కథ. ఇంకెంత, పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు త్వరలోనే దీన్ని సాధిస్తారు అనుకున్నాడు ఆ పిల్లవాడు. అనుకుని ఎదురుచూశాడు. రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళి కాళ్ళకు తీవ్రమైన గాయాలతో కొన్నేళ్ళు ఆసుపత్రిలో ఉన్నాడు. ఎముక అతికించే కొత్త శస్త్రచికిత్స వల్ల కాలు నిలిచింది. బయటికి వచ్చి భౌతికశాస్త్రం చదువుకుని కాలేజీలో పాఠాలు చెప్పుకున్నాడు. ఎదురుచూస్తూనే ఉన్నాడు. ఎవరూ రాలేదు.

1960 నాటికి వయసు నలభై దాటింది. అప్పుడు ఆయనకు అర్థమైంది, ఎవరో వస్తారని తాను చూస్తున్నట్లే అందరూ చూస్తున్నారని. తన వాదనను కొద్ది పేజీల్లో వ్రాసి, అమెరికా ప్రముఖుల జాబితా పుస్తకంలోంచి సుమారు 200 మందిని ఎంచుకుని పంపాడు. స్పందన దాదాపు లేదు. 1962లో సొంత ఖర్చుతో పుస్తకం వేసుకున్నాడు. 1964లో ఒక పెద్ద ప్రచురణ సంస్థ దాన్ని తీసుకుంది, అప్పుడు లోకానికి తెలిసింది. 1976లో ఆయనే సంస్థ పెట్టాడు. మరుసటి ఏడు ఆ సంస్థలోకి వెళ్ళిన మొదటి దేహం ఆయన కన్నతల్లిదే. 2011లో, 92 ఏళ్ళ వయసులో, ఆయనా అక్కడికే చేరాడు.

ఆయన నమ్మకాలన్నిటితో మాకు పొత్తు కుదరదు. కానీ దాదాపు ముప్పై ఏళ్ళ ఆ ఎదురుచూపు చదివినప్పుడు మాకు మన ఊళ్ళే గుర్తొచ్చాయి. చెరువు గట్టు తెగుతుంటే ఎవరో ఒకరు కబురు పెట్టి ఉంటారులే అని అందరూ అరుగుల మీద కూర్చునే మనుషులం కదా మనం.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. ఎవరూ రారని ఎట్టింగర్ తెలుసుకున్నాడు. కానీ ఆయన పుస్తకంలోని వాదన చాలామందికి మళ్ళీ అదే ఎదురుచూపు నేర్పింది. ఇప్పుడు ఎంత మొరటుగా గడ్డకట్టించినా ఫరవాలేదు, రానున్న కాలపు శాస్త్రజ్ఞులు బాగుచేస్తారు అన్న ధోరణి అందులో ఉంది. 1986లో ఎరిక్ డ్రెక్స్‌లర్ అనే ఆయన, అణువులను ఒక్కొక్కటిగా పేర్చే అతి సూక్ష్మ యంత్రాల గురించి పుస్తకం వ్రాశాక ఆ ధీమా ఇంకా పెరిగింది. చిన్న యంత్రాలు వస్తాయి, ఒక్కొక్క కణంలోకి దూరి మరమ్మతు చేస్తాయి. మనం చేయవలసిందల్లా సంతకం పెట్టి, ప్రీమియం కట్టి, పడుకోవడమే.

ఈ ధీమా మీదే మా అభ్యంతరమంతా. పడుకోవడం మీద కాదు.

విశ్వాసులమైన మనం "దేవుడు చూసుకుంటాడు" అంటాం. ఆ మాటను సోమరితనానికి వాడుకునేవారు మనలో లేకపోలేదు, కానీ ఆ మాట వెనుక ఒకడు ఉన్నాడు. మాట ఇచ్చినవాడు, మాట తప్పనివాడు అని మనం నమ్మే ఒకడు. "భవిష్యత్తు చూసుకుంటుంది" అనేవారి మాట వెనుక ఎవరున్నారు? భవిష్యత్తు అనే ఆసామి లేడు. ఆయన ఎవరికీ మాట ఇవ్వలేదు. రేపు అనేది ఇవాళ మనం నాటిన దానికి, నాటకుండా వదిలేసిన దానికి కలిపి పెట్టుకున్న పేరు. దేవుడిని నమ్మనివారు దేవునికి ఇవ్వవలసిన నమ్మకాన్ని తీసుకెళ్ళి ఇంకా పుట్టని పిల్లల నెత్తిన పెడితే అది విశ్వాసం కాదు, పుట్టని వారి పేరు మీద అప్పు వ్రాయడం.

పోనీ, రేపటివారు మంచివారే, తెలివైనవారే అనుకుందాం. అప్పుడు కూడా వారు చేయలేని పని ఒకటుంది. తడిసిన తాటాకు గ్రంథాన్ని ఆరబెట్టి చదవవచ్చు, చిరిగితే అతికించి చదవవచ్చు. కాలి బూడిదైతే ఎంత పండితుడికైనా చదవడానికి ఏముంటుంది? మెదడులో మనిషి జ్ఞాపకం, స్వభావం సన్నని దారాల్లాంటి అల్లికలో ఉంటాయంటారు. ఆ అల్లిక ఇవాళ చల్లబరిచేటప్పుడు చితికిపోతే రేపటి యంత్రం దేన్ని చూసి మళ్ళీ అల్లాలి? చితకకుండా ఉంచడం ఎలాగో కనుక్కోవలసినది దాచేవారే, ఇవాళే. అది రేపటికి వాయిదా వేయగల పని కాదు.

మొదట గడ్డకట్టించిన మనిషి కథ ఈ విషయంలో అన్నిటికన్నా పెద్ద పాఠం. జేమ్స్ బెడ్‌ఫర్డ్, కాలిఫోర్నియాలో మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు, వయసు 73. మూత్రపిండంలో మొదలైన క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. 1967 జనవరి 12న ఆయన కన్నుమూసిన వెంటనే కొద్దిమంది కలిసి ఆ పని చేశారు. వారికి అనుభవం లేదు, పద్ధతి మొరటు. ఆయన తన వీలునామాలో ఈ పరిశోధన కోసం 1,00,000 డాలర్లు వ్రాసిపెట్టాడు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద సొమ్ము. అయితే ఏం జరిగింది? మిగతా బంధువులు వీలునామా మీద కోర్టుకెక్కారు. భార్యా కొడుకూ ఆయన కోరికను కాపాడుకోవడానికి పెట్టిన ఖర్చు ఆ లక్షను మించిపోయింది. పరిశోధన కోసమని ఆయన ఉద్దేశించిన సొమ్ముకు మించి వ్యాజ్యాలే తినేశాయి. ప్రియులారా, బ్రతికుండగా మన చేతితో ఇవ్వనిది చనిపోయాక మన వీలునామా ఇవ్వగలదని అంత గట్టిగా నమ్మకండి. పొలం గట్టు తగాదాలు చూసిన మనకు ఇది వేరే చెప్పాలా?

కానీ ఆ భార్యా కొడుకుల సంగతి కూడా చెప్పాలి. వారు ఆ దేహాన్ని ఒక చోటి నుండి ఇంకో చోటికి మారుస్తూ, కొన్నేళ్ళపాటు తామే నత్రజని పోయిస్తూ కాపాడారు. 1982లో ఆల్కర్‌కు అప్పగించారు. 1991లో పాత పాత్ర తెరిచి కొత్తదానిలోకి మార్చినప్పుడు దేహం గడ్డకట్టిన స్థితిలోనే ఉందని చూసినవారు చెప్పారు. ఆయన ఇప్పటికీ అక్కడే ఉన్నాడు.

ఆయన్ను గడ్డకట్టించిన బృందానికి నాయకుడు రాబర్ట్ నెల్సన్, టీవీలు బాగుచేసుకునే మనిషి. ఆ తరువాత ఆయన మరికొందరిని లాస్ ఏంజెలెస్ దగ్గర చాట్స్‌వర్త్‌లో ఒక శ్మశానవాటిక నేలమాళిగలో ఉంచాడు. మొదట్లో బంధువులు డబ్బు పంపారు, తరువాత ఆపేశారు. ఆయన కొన్నాళ్ళు తన చేతి సొమ్ము పెట్టాడు, తరువాత అదీ ఆగింది. ఎవరికీ నిజం చెప్పలేదు. 1979లో సంగతి బయటపడేసరికి అక్కడి తొమ్మిది దేహాలూ ఎప్పుడో కరిగిపోయి ఉన్నాయి. కుటుంబాలు కోర్టుకు వెళ్ళాయి. తప్పు నెల్సన్‌దే, అందులో సందేహం లేదు. కానీ ఆ తొమ్మిది మందీ కూడా రేపటి సైన్సును నమ్మే కళ్ళు మూశారు కదా. రేపటి దాకా వారిని చేర్చవలసిన నత్రజని ట్యాంకును ఎవరో ఒకరు ప్రతి నెలా తోలాలి, ఆ సంగతి ఎవరూ ఆలోచించలేదు. బెడ్‌ఫర్డ్‌కు ఒక భార్య, ఒక కొడుకు ఉన్నారు. వీరికి "ఎవరో" ఉన్నారు.

ఇంత దూరం ఎందుకు, ఈ చలి శాస్త్రం ఫలం ఒకటి మన ఊళ్ళోకి మోటారు సైకిలు మీద వస్తుంది. గేదె ఎదకొచ్చిందని కబురు పెడితే గోపాలమిత్ర వస్తాడు, ఒక క్యాను మూత తీస్తాడు, తెల్లటి పొగ లేస్తుంది. పిల్లలంతా చుట్టూ మూగుతారు. ఆ పొగ ద్రవ నత్రజనిదే, మైనస్ 196 డిగ్రీలే, బెడ్‌ఫర్డ్ ఉన్న చలే. అందులోంచి తీసిన సన్నటి స్ట్రాలో ఎన్నడూ మన ఊరు చూడని ఒక మేలు జాతి దున్న బీజం ఉంటుంది. ఆ దున్న ఎప్పుడో చచ్చిపోయి కూడా ఉండవచ్చు. పదినెలలకు దూడ లేచి నిలబడుతుంది. మనకు అది వింతగా కూడా తోచదు.

అది ఎలా వచ్చింది? 1949లో లండన్ దగ్గర మిల్‌హిల్‌లోని ప్రయోగశాలలో క్రిస్టఫర్ పోల్జ్ అనే యువకుడు, ఆడ్రీ స్మిత్, అలన్ పార్క్స్ అనే ఇద్దరితో కలిసి కోడిపుంజు వీర్యాన్ని గడ్డకట్టించి బ్రతికించాలని చూస్తున్నాడు. చక్కెర ద్రావణంతో ఎన్నిసార్లు చేసినా కణాలు చచ్చిపోయేవి. కొన్ని నెలల తరువాత పాత సీసాలోని ద్రావణమే తీసి మళ్ళీ ప్రయత్నిస్తే ఈసారి కణాలు ఈదాయి! ఆ సీసాలో మిగిలినది కొద్దిగానే. పరీక్ష చేయిస్తే అది చక్కెరే కాదు, గ్లిజరాల్. సీసాల చీటీలు తారుమారయ్యాయి. అదృష్టం అనేవారు అనుకోవచ్చు. కానీ నెలల తరబడి ఓడిపోయిన పనిని మళ్ళీ చేతిలోకి తీసుకున్నది పోల్జ్. ఎప్పటికో సైన్సు చేస్తుందిలే అని ఆయన ఆ సీసా పారబోసి ఉంటే ఇవాళ మన పాకలో ఆ దూడ ఏది?

మన దేశంలోనూ ఒకరున్నారు, ఆయన పేరు మన పిల్లలకు తెలియాలి. కలకత్తాకు చెందిన డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్. 1978 అక్టోబరు 3న, లోకంలో మొదటి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ ఇంగ్లండులో పుట్టిన 70 రోజులకు, ఆయన చేతి పని వల్ల కలకత్తాలో ఒక ఆడబిడ్డ పుట్టింది. ఆ పిండాన్ని 53 రోజులు గడ్డకట్టించి ఉంచి, తరువాత తల్లి గర్భంలో ప్రవేశపెట్టామని ఆయన చెప్పాడు. అప్పటికి అలా పుట్టిన బిడ్డ లోకంలో ఎక్కడా లేదు. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ఆయన మాట నమ్మలేదు. జపానులో తన పని చెప్పుకోవడానికి వెళ్తానంటే అనుమతి ఇవ్వలేదు. 1981లో కంటి వైద్యసంస్థకు బదిలీ చేశారు. ఆ జూన్‌లో ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆయన వ్రాసుకున్న కాగితాలు చదివి, ముందు చేసినది ఆయనే అని డాక్టర్ ఆనంద్ కుమార్ 1997లో బహిరంగంగా చెప్పారు. దేశంలో మొదటి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ అన్న పేరు అప్పటిదాకా ఆనంద్ కుమార్ గారి బృందం చేసిన పనికే ఉండేది. అయినా ఆ పేరును వదులుకుని చెప్పారు. అలాంటి మనుషుల కోసం దేవునికి స్తోత్రం.

పరిశోధకుడిని ముందుకు తోసేదీ మనుషులే, నలిపేదీ మనుషులే. బదిలీ ఉత్తరువు మీద సంతకం పెట్టిన చెయ్యీ మనిషిదే.

క్రయోనిక్స్‌ను నమ్మినవారిలో కూడా ఈ సంగతి తెలిసినవారు ఉన్నారు. మాకు గౌరవం వారి మీదే. తమ వ్యాపారంలో వచ్చిన లాభాన్ని తీసి, కాలిఫోర్నియాలో ట్వంటీ ఫస్ట్ సెంచురీ మెడిసిన్ అనే ప్రయోగశాలకు ఇచ్చినవారు ఉన్నారు. అక్కడ గ్రెగరీ ఫాహీ అనే శాస్త్రవేత్త మంచు గడ్డ కట్టకుండా, గాజులాగా బిగుసుకునేలా అవయవాలను చల్లబరచడం మీద జీవితమంతా పనిచేశాడు. ఒక కుందేలు మూత్రపిండాన్ని అలా బిగించి, మళ్ళీ కరిగించి, తిరిగి కుందేలుకు అమర్చాడు. రెండో మూత్రపిండం తీసేసినా ఆ ఒక్కదానితో అది 48 రోజులు బ్రతికింది. 2009లో ఆ వివరాలు ప్రచురించారు. ఇంకొకరు కెన్నెత్ హేవర్త్, మెదడు శాస్త్రవేత్త. మెదడులోని అల్లిక చెడకుండా ఉందని సూక్ష్మదర్శినిలో చూపించండి, అప్పుడు బహుమతి ఇస్తాం అని పోటీ పెట్టించాడు. 2016లో కుందేలు మెదడుకు, 2018లో పంది మెదడుకు ఫాహీ ప్రయోగశాలే ఆ బహుమతి గెలుచుకుంది. అయితే అందులో వాడిన రసాయనం కణాలను ఉన్నచోటే బిగించేస్తుంది. అలాంటి మెదడును ఊరికే కరిగించి లేపడం కుదరదు. హేవర్త్ చేసినది మాకు ఎందుకు నచ్చిందంటే, తాను ఆశపడినదాన్నే పరీక్షకు నిలబెట్టాడు. నమ్మండి అనలేదు, చూపించండి అన్నాడు.

2023లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంవారు ఎలుక మూత్రపిండాలను 100 రోజుల దాకా ఆ చలిలో ఉంచి, సన్నని ఇనుప రేణువుల సాయంతో అన్ని వైపులా ఒకేలా వేడి చేసి, ఐదు ఎలుకలకు అమర్చారు. అవి పనిచేశాయి.

ఇది మనకెందుకు అంటారా? మా సంఘం ఉన్నది ఉద్దానం ప్రాంతంలో. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, ఏ వైపు చూసినా మూత్రపిండాల జబ్బు లేని వీధి లేదు. ఆదివారం ఆరాధనకు వచ్చేవారిలో వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్ళేవారు ఎవరో మీకు తెలుసు. మరణించిన దాత నుండి తీసిన మూత్రపిండం మంచులో ఒకటి ఒకటిన్నర రోజు మాత్రమే నిలుస్తుంది. గుండె అయితే నాలుగు నుండి ఆరు గంటలు. అంతలోనే సరిపోయే రోగి దొరకాలి, రావాలి, ఆపరేషను జరగాలి. అదే మూత్రపిండం వంద రోజులు నిలిస్తే? శ్రీకాకుళం అమ్మకు తగిన అవయవం తిరుపతిలో దొరికినా తొందర లేకుండా తేవచ్చు. మనిషిని లేపుతుందో లేదో తెలియని శాస్త్రమే, మన వీధిలో మనిషిని పడిపోకుండా నిలబెట్టవచ్చు. అరిజోనాలో కొద్దిమంది ఏదో వింత పని చేస్తున్నారని మనం నవ్విన పనికీ, మన ఇంటి డయాలసిస్ కుర్చీకీ మధ్య దూరం అంతే.

ఇక్కడ కూడా మన నోటి వెంట వచ్చేది అదే మాట. పలాసలో 2023లో మూత్రపిండాల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమైనప్పుడు, "ఇంక వాళ్ళే కనిపెడతారులే" అన్నారు చాలామంది. రక్త నమూనా ఇవ్వండి, తాగే నీటి వివరాలు వ్రాయించండి అని ఎవరైనా ఇంటికి వస్తే తలుపు వేసుకున్నవారూ మనమే. మీ కోపంలో న్యాయం ఉంది, ఒప్పుకుంటాము. ఎన్నో బృందాలు వచ్చి రక్తం తీసుకుని వెళ్ళాయి, ఏం తేలిందో చెప్పడానికి తిరిగి రాలేదు. అందుకు అడగండి, గట్టిగా అడగండి, ఫలితం కాగితం మీద ఇస్తేనే రక్తం ఇస్తామనండి. తలుపు మాత్రం వేసుకోకండి. ఆ గొట్టంలోని రక్తం లేకుండా ఎంత పెద్ద భవనం కట్టినా కారణం తేలదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలు ఇద్దరు నేరుగా అడిగారు, చేరవచ్చా అని. మేము మాత్రం చేరము. మా దేహం ఎక్కడ నిద్రించాలో, ఎవరి పిలుపు కోసం ఉండాలో మాకు స్పష్టంగా ఉంది. చేరేవారిని విశ్వాసభ్రష్టులనీ అనము. ఓపెన్ హార్టు ఆపరేషన్లలో కొన్నిటికి దేహాన్ని 18 డిగ్రీల దాకా చల్లబరిచి, గుండెను, రక్తప్రసరణను పూర్తిగా ఆపి, అరగంట తరువాత మళ్ళీ నడిపిస్తారు. దానికి మనం ప్రార్థన చేసి పంపుతున్నాం కదా, పాపం అనలేదు కదా. కానీ తమ్ముడూ, చేరాలనుకుంటే ఒక లెక్క వేసుకో. నీ ఒక్క దేహం కోసం రెండు లక్షల డాలర్ల పాలసీ తీసుకుని, ఆ పని నిజంగా జరుగుతుందో లేదో తేల్చే పరిశోధనకు ఒక్క డాలరు కూడా ఇవ్వకపోతే, అది విత్తనం కుండలో పోసి పంట కోసం కూర్చోవడమే. దుక్కి దున్నడం మనవడికి వదిలేశావు. పుట్టని మనవడికి. ప్రీమియం కట్టే చేత్తోనే ఏటా కొంత ఆ ప్రయోగశాలలకు పంపు, అవయవాల నిల్వ మీద పనిచేసేవారికి పంపు. మీ సంస్థ ఏటా పరిశోధనకు ఎంత ఖర్చు పెట్టింది, ఏం తేలింది, ఏది విఫలమైంది అని ఉత్తరం వ్రాసి అడుగు. అడిగే సభ్యులున్న సంస్థ ఒక రకం, నమ్మి పడుకునే సభ్యులున్న సంస్థ ఇంకో రకం. చాట్స్‌వర్త్‌లో అడిగినవారు ముందే ఉండి ఉంటే కథ వేరుగా ఉండేది.

లాజరు సమాధి దగ్గర జరిగినది మనందరికీ తెలుసు. పిలిచినది ప్రభువు. కానీ రాతిని తీసినది అక్కడున్న మనుషులు. కట్లు విప్పినదీ వారే. వాసన వస్తుందని అడ్డు చెప్పిన సహోదరి కూడా అక్కడే ఉంది. రాయి దానంతటదే దొర్లాలని ఎవరూ కూర్చోలేదు. మేము ఈ మాట చెబితే ఒకరు, "అయ్యగారూ, మాలాంటి కూలి చేసుకునేవాళ్ళం ప్రయోగశాలకు ఏం చేయగలం" అన్నారు. న్యాయమైన మాటే. అందరూ పోల్జ్ కాలేరు. కానీ ఇంటర్‌లో బైపీసీ బాగా చదువుతున్న అమ్మాయికి పద్దెనిమిది నిండగానే సంబంధం చూడకుండా ఉండగలం. ఎమ్మెస్సీ చేస్తాను, పరిశోధన చేస్తాను అంటే "జీతం ఎప్పుడొస్తుంది" అని మొదటి ప్రశ్న వేయకుండా ఉండగలం. ఆసుపత్రిలో మనవారి మెదడు మరణించిందని వైద్యులు చెప్పినప్పుడు, అవయవాల మాట ఎత్తిన నర్సమ్మ మీద అరవకుండా ఉండగలం. దేహం ముక్కలైతే పునరుత్థానంలో ఎలా అని భయపడేవారికి మేము ఇదివరకే చెప్పాము, మట్టిలో కలిసినవారినీ సముద్రంలో పోయినవారినీ లేపగలవాడికి ఒక మూత్రపిండం అడ్డు కాదు.

జీవన్‌దాన్ అవయవదాన పత్రాలు ముద్రించి మందిరంలో హాజరు పుస్తకం పక్కన పెట్టాము. పేరు వ్రాసేముందు ఇంట్లోవారితో మాట్లాడండి, ఎందుకంటే ఆ రోజు వచ్చినప్పుడు సంతకం పెట్టవలసినది వారే. మా ఇద్దరివీ, అమ్మగారిదీ నాదీ, ముందే నింపి ఆ కట్టలో పైన ఉంచాము. ఎలా నింపాలో చూడాలంటే చూడవచ్చు.